క్యాజువాలిటీ ఇంగ్లీషు

"మస్ట్‌న్ట్ గ్రంబుల్" అన్నాడు ఆ ముసలాయన, ఎలా ఉందని నేను అడిగితే. సణుక్కోకూడదు లెండి, పరవాలేదు అని దానర్థం. మొహం బూడిద రంగులో ఉంది. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. ఎడమ చెయ్యి ఒళ్ళో పడేసుకుని కూర్చున్నాడు. ఇంగ్లండు ఉత్తరాన మిల్లులున్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో, ప్రమాదాలూ గుండెపోట్లూ వచ్చి పడే క్యాజువాలిటీ విభాగంలో, అది నా మొదటి వారం. విశాఖపట్నంలో ఎం.బి.బి.ఎస్. చదివి నేరుగా విమానం దిగినదాన్ని. పరవాలేదంటున్నాడు కదా అని పక్క మంచం వైపు కదలబోయాను. వార్డు సిస్టరు నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఈ ఊరి వాళ్ళు పరవాలేదన్నారంటే ప్రాణం మీదికి వచ్చిందని అర్థం డాక్టర్, చచ్చిపోతున్నానని అరిచేవాళ్ళు కట్టు కట్టించుకుని బస్సెక్కి ఇంటికి పోతారు అంది. ముసలాయన బతికాడు. నా ఇంగ్లీషు చదువు ఆయన మంచం దగ్గర మొదలైంది.

ఆ ఇంగ్లీషు ఏ పుస్తకంలోనూ లేదు. నొప్పి పీకుతోందనడానికి "గివింగ్ మీ జిప్" అనేవారు. కళ్ళు తిరిగాయనడానికి "కేమ్ ఓవర్ ఆల్ క్వీర్" అనేవారు. మూత్రం సంగతి చెప్పాల్సి వస్తే గోడకేసి చూస్తూ "వాటర్‌వర్క్స్" అనేవారు. అలసిపోతే "నాకర్డ్", ఏమీ లేకపోతే "నౌట్". మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు నన్ను "లవ్" అని పిలిచేవారు. తెల్లకోటు వేసుకున్నా అంతే, చీర కట్టుకున్నా అంతే. మొదట్లో ఒళ్ళు మండేది. ఏడాది తిరిగేసరికి నేనూ వాళ్ళని లవ్ అని పిలుస్తూ సూదులు గుచ్చేదాన్ని. ఎవరు ఏ మాట ఎందుకు తగ్గించి చెబుతున్నారో, ఎవరు ఏది దాస్తున్నారో మాట వినగానే తెలిసిపోయేది. నా జీవితంలో నేను నిజంగా దిట్టనైన విద్య అదొక్కటే. అయిదేళ్ళు చేశాను ఆ ఉద్యోగం. అంత సుఖంగా మళ్ళీ ఎప్పుడూ లేను.

మా ఆయన కూడా అదే ఆసుపత్రిలో డాక్టరు. పెథాలజీ. అంటే ఆయన దగ్గరికి వచ్చే మనుషులు మాట్లాడరు. ముక్కలుగా సీసాల్లో వస్తారు. అయిదేళ్ళూ మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఎంత ఇంగ్లీషుతో ఆ దేశంలో దిగారో అంతే ఇంగ్లీషుతో బయటికి వచ్చారు. అందులో తప్పేమీ లేదు. కానీ నా ఇంగ్లీషు అంటే మాత్రం ఆయనకి చిన్నచూపు. "నువ్వు కూలీల భాష నేర్చుకున్నావు" అనేవారు, నేను ఫోన్లో సిస్టరుతో మాట్లాడుతుంటే విని.

డెబ్భైల చివర ఆయనకి మిషిగన్‌లో ఉద్యోగం దొరికింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు తీసుకున్నాం. చుట్టుపక్కల మనవాళ్ళంతా కార్ల కంపెనీల్లో ఇంజినీర్లు. ఇంగ్లండులో నేను చేసిన అయిదేళ్ళకీ అమెరికాలో విలువ లేదు. విదేశీ డాక్టర్ల పరీక్ష రాయాలి, ఆ తర్వాత ఏదో ఒక ఆసుపత్రిలో రెసిడెన్సీ సీటు సంపాదించి, కొత్తగా చదువైన కుర్రాళ్ళతో కలిసి మళ్ళీ మొదటి నుంచీ ట్రైనింగ్ చెయ్యాలి. పరీక్ష రాశాను. చంటాడికి ఒళ్ళు వెచ్చబడితే భుజాన వేసుకుని తిరుగుతూ చదివాను. మొదటిసారికే పాసయ్యాను. మా ఆయన రెండోసారికి పాసయ్యారు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ముందు ఆయన కుదురుకోవాలి, ఆ తర్వాత నువ్వు అన్నారు. సరే అన్నాను. పాప స్కూల్‌కి వెళ్ళసాగింది, బాబు కిండర్‌గార్టెన్‌లో చేరాడు, నేను ఇంట్లోనే ఉన్నాను.

అప్పుడు మా ఆయన పనిచేసే ఆసుపత్రికి ఒక ఇంగ్లీషాయన వచ్చాడు. ట్రైనింగ్ డాక్టర్లుగా ఎవరిని తీసుకోవాలో నిర్ణయించేది ఆయనే. లాంకషైర్ మనిషి. నేను పనిచేసిన ఊరికి గంట ప్రయాణం ఆయన పుట్టిన ఊరు. ఇంగ్లండు నుంచి కొత్త డాక్టరు వచ్చాడని, ఆయన మాట ఒక్కటీ అంతుపట్టడం లేదని మా ఆయన మొదటి రోజే తల పట్టుకుని వచ్చారు.

"ఇవాళ కాన్ఫరెన్స్‌లో నా స్లైడ్స్ చూసి ఏదో అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను" అన్నారు.

"ఏమన్నాడు?"

"బాబ్స్ యువర్ అంకుల్ అన్నాడు. మా అంకుల్ సంగతి ఈయనకెందుకు?"

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అంతే, పని అయిపోయింది, ఇక చిక్కేమీ లేదు అని దానర్థమని చెప్పాను. అప్పట్నుంచీ అది మా ఇంట్లో రోజూ జరిగే తంతు అయింది. సాయంత్రం షూస్ విప్పుతూనే ఆయన ఆ రోజు ఏరుకొచ్చిన మాటలు నా ముందు పోసేవారు. నేను కూరలు తరుగుతూ విడమరిచి చెప్పేదాన్ని. "గుట్టెడ్" అంటే మనసు విరిగింది. "చఫ్డ్" అంటే తెగ సంతోషం. "స్కైవింగ్" అంటే పని ఎగ్గొట్టడం. ఏ మాటకి ఏం జవాబివ్వాలో, ఎక్కడ నవ్వాలో, ఎక్కడ నవ్వకూడదో కూడా చెప్పేదాన్ని. మర్నాడు ఆయన అక్కడ అది అప్పజెప్పేవారు. తన మాట అర్థం చేసుకునే మనిషి ఆ ఆసుపత్రి మొత్తానికి ఒక్కడే ఉన్నాడని ఆ ఇంగ్లీషాయన మురిసిపోయాడట. మధ్యాహ్నం లంచ్‌కి పక్కన కూర్చోబెట్టుకునేవాడట. అమెరికన్ డాక్టర్లు మా ఆయన్ని చూసి కుళ్ళుకునేవారట. ఆయన చెబుతుంటే నాకూ గర్వంగానే ఉండేది. నా నోటి మాట ఆయన నోట్లోంచి వస్తోంది కదా అనుకునేదాన్ని.

ఆ గర్వంలోంచే అడిగాను. "ఏవండీ, ఆయనకి మీరంటే అంత ఇష్టమైతే నా సీటు సంగతి ఒక మాట అడక్కూడదా?"

"అడుగుతాను. టైం చూసి అడగాలి" అన్నారు.

కొన్నాళ్ళకి అడిగానని చెప్పారు. ఆలోచిస్తానన్నాడట. మరి కొన్నాళ్ళకి, ఆయన మంచి మూడ్‌లో ఉన్నాడు, వచ్చే జులై బ్యాచ్‌లో చూద్దామన్నాడు అన్నారు. నేనే వెళ్ళి కలుస్తానంటే వద్దన్నారు. "ఇక్కడ అలా వెళ్తే పుష్ చేస్తున్నట్టు ఉంటుంది. నేను హ్యాండిల్ చేస్తున్నాను కదా." ఏడాది పైన గడిచింది అలా. ఆ ఏడాదంతా నేను పిల్లలు స్కూల్‌కి పోగానే వంటింటి బల్ల మీద మెడిసిన్ పుస్తకాలు పరిచేదాన్ని. గుండె జబ్బుల అధ్యాయాలు పెదవులు కదిలిస్తూ చదువుకునేదాన్ని. నెమరు వేసుకోకపోతే ఉన్నది కూడా పోతుందని భయం. ఎక్కడో ఒక చోట మళ్ళీ తెల్లకోటు వేసుకుని మంచాల మధ్య నడుస్తానని నమ్మాను. గట్టిగా నమ్మాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నమ్మకం మీదే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

ఏప్రిల్లో ఒక రోజు మా ఆయన మొహం వేలాడేసుకుని వచ్చారు. ఇంగ్లీషాయన భార్యకి మన వంట తినాలని ఉందట. ఇంగ్లండు వదిలిన దగ్గర్నుంచీ మంచి కర్రీ మొహం చూడలేదట. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మీ ఇంటికే వస్తామని వాళ్ళంతట వాళ్ళే అనేశారట. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆయనకెందుకు సంతోషంగా లేదో అర్థం కాలేదు. వంట గురించి బెంగ పెట్టుకున్నారేమో అనుకున్నాను.

శనివారం నేను వంకాయలకి గాట్లు పెడుతుంటే పక్కకొచ్చి నిలబడ్డారు.

"ఒక్క మాట. రేపు ఆయన ముందు నీ క్యాజువాలిటీ ఇంగ్లీషు తియ్యకు."

"ఏం?"

"లవ్ అనీ బ్లడీ అనీ... ఆయన పెద్ద పొజిషన్‌లో ఉన్న మనిషి. చీప్‌గా ఉంటుంది. ఎస్, నో, థాంక్యూ, అంతే. ఎక్కువ మాట్లాడకు. సీటు సంగతి కూడా నువ్వు ఎత్తకు, నేను చూసుకుంటాను."

నాకు చురుక్కుమంది. అయినా సీటు కోసం నోరు మూసుకోవడం పెద్ద పనా అనుకున్నాను. సీటు వస్తే ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. సరే అన్నాను.

ఆదివారం వాళ్ళు వచ్చారు. డ్రైవ్‌వే అంచుల్లో మురికి మంచు ఇంకా కరగలేదు. ఆయన పొడుగ్గా, కాస్త వంగి, చెవుల్లో తెల్ల వెంట్రుకలతో ఉన్నాడు. ఆవిడ పొట్టిగా, చేతులు మాత్రం బలంగా ఉంది. ఆ చేతుల్ని చూడగానే నర్సని తెలిసిపోయింది. తర్వాత తెలిసింది, చాలా ఏళ్ళు వార్డు సిస్టరుగా చేసిందట. గుమ్మంలోనే షూస్ విప్పి, "ఊ, ద స్మెల్" అంటూ గాలి పీల్చింది. ఆ ఒక్క దీర్ఘానికే రాత్రి డ్యూటీల్లో టీ కెటిల్ దగ్గర కబుర్లు చెప్పిన వాళ్ళందరూ ఆవిడలో కనబడ్డారు. నేను తల ఊపి, చేతులు జోడించి, "ప్లీజ్ కమ్" అన్నాను. మా ఆయన వైపు చూశాను. ఆయన సంతృప్తిగా ఉన్నారు.

మన పద్ధతిలోనే వాళ్ళని కూర్చోబెట్టి నేను వడ్డిస్తూ నిలబడ్డాను. అతిథులతో పాటు ఇంటావిడ కూర్చుని తినెయ్యడం మాకు అలవాటు లేదు. ఆవిడ రెండుసార్లు కుర్చీ చూపించి కూర్చోమంది. మా ఆయనే జవాబు చెప్పారు, "షీ ఈజ్ షై" అని. క్యాజువాలిటీలో తాగొచ్చిన మిల్లు కూలీల చొక్కాలు పట్టుకుని మంచం మీద కూలేసినదాన్ని నేను. సిగ్గట. గుత్తి వంకాయ వేశాను, కోడి కూర వేశాను, పులిహోర వేశాను. వాళ్ళు ఏదడిగినా "ఎస్, ప్లీజ్" అన్నాను. ఆవిడ మా ఆయన్ని అడిగింది, మీ ఆవిడా డాక్టరేనట కదా, ఇంగ్లండులో ఏం చేసేదని. "సమ్ క్లినిక్ వర్క్" అన్నారు ఆయన అన్నం కలుపుకుంటూ. చేతిలో గరిటె ఆగింది. సమయం కాదని సర్దిచెప్పుకున్నాను. టైం చూసి అడగాలని ఆయనే అన్నారు కదా.

అప్పుడు లోపల పడకగదిలో ఫోన్ మోగింది. లేబ్ నుంచి. మా ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను వంటింటి గట్టు దగ్గర పాయసం గిన్నెల్లో పోస్తున్నాను. భోజనాల బల్లకీ నాకూ మధ్య నాలుగడుగులు కూడా లేవు.

మనవాళ్ళు దుకాణాల్లో ఏం చేస్తారో నాకు తెలుసు. క్యాష్ రిజిస్టర్ దగ్గర అమ్మాయి ఎదురుగా నిలబడి ఆమె జుట్టు గురించీ, ఒళ్ళు గురించీ తెలుగులో హాయిగా మాట్లాడుకుంటారు. ఆమెకి ఏం తెలుస్తుందిలే అని. నేనూ మాట్లాడుకున్నాను. ఆ వేళ మా ఇంట్లో వాళ్ళిద్దరూ అదే పని చేశారు. గొంతు తగ్గించలేదు. ఊరి మాటలోకి దిగారు, అంతే.

"షీస్ నో ఫూల్, దట్ వన్" అంది ఆవిడ. నన్నే. "వై డోన్ట్ యూ టేక్ హర్ ఆన్?"

"హర్ ఓల్డ్ మ్యాన్ పుట్ ద కిబాష్ ఆన్ ఇట్" అన్నాడు ఆయన, వేలితో ప్లేటు అంచు తుడుస్తూ. "రెక్న్డ్ షీడ్ ప్యాక్డ్ ఇట్ ఇన్ ఫర్ ద కిడ్డీస్. నాట్ ఫర్ మీ టు స్టిక్ మై ఓర్ ఇన్."

"అండ్ డజ్ షీ నో?"

"నాట్ ఎ డికీ బర్డ్, ఐ షుడ్ థింక్."

ప్రతి మాటా నాకు తెలుసు. పక్క వార్డులో, టీ గదిలో, అంబులెన్సు మెట్ల మీద వందసార్లు విన్న మాటలు. ఆమె తెలివితక్కువదేం కాదు, పనిలోకి ఎందుకు తీసుకోవు అంది ఆవిడ. ఓల్డ్ మ్యాన్ అంటే మొగుడు. మొగుడే ఆ పనికి గండి కొట్టాడు. పిల్లల కోసం డాక్టరీ వదిలేసిందని మొగుడే చెప్పాడు. మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకు వేలు పెట్టాలి. పాపం, ఆమెకి ఒక్క ముక్క కూడా తెలిసి ఉండదు.

నిజానికి నాకు కాసేపు ఏమీ అనిపించలేదు. జీడిపప్పు వేశానా లేదా అని చూసుకున్నాను. తర్వాత ఒకదాని వెనక ఒకటి తెలిసొచ్చాయి. ఆలోచిస్తానన్నాడన్నది అబద్ధం. జులై బ్యాచ్ అబద్ధం. నేనే వెళ్తానంటే వద్దన్నది అందుకు. నిన్న వంకాయల దగ్గర నా నోటికి తాళం వేసింది, నా ఇంగ్లీషు చీప్ అని కాదు. నేను నోరు విప్పితే తను చెప్పిన కథ బయటపడుతుందని. నేను ఏడాది పాటు ఆ బల్ల మీద పుస్తకాలు పరుచుకుని పెదవులు కదిలిస్తుంటే ఈ మనిషి ఎదురుగా కూర్చుని కాఫీ తాగాడు. నా దగ్గర నేర్చుకున్న మాటలతోనే ఆయనకి దగ్గరై, ఆ దగ్గరతనంతోనే నా పని చెడగొట్టాడు.

పాయసం గిన్నెలు తెచ్చి బల్ల మీద పెట్టాను. నిలబడే ఉన్నాను. ఆవిడ కళ్ళలోకి చూసి, వార్డులో మాట్లాడినట్టే మాట్లాడాను.

"ఐవ్ ప్యాక్డ్ నౌట్ ఇన్, లవ్. ఐ డిడ్ ఫైవ్ ఇయర్స్ ఇన్ క్యాజువాలిటీ, అండ్ ఐడ్ స్టార్ట్ అగైన్ టుమారో. హీజ్ బీన్ టెల్లింగ్ యూ పోర్కీస్."

నేను ఏదీ మానెయ్యలేదు. అయిదేళ్ళు క్యాజువాలిటీ చేశాను, రేపు రమ్మన్నా వస్తాను. ఆయన మీకు చెప్పింది అబద్ధం. ఇంతే నేనన్నది. ఆ చివరి మాట నోట్లో ఉండగానే పడకగది తలుపు తీసుకుని మా ఆయన వచ్చారు. వాళ్ళ మొహాలు చూశారు, నా మొహం చూశారు. పోర్కీస్ అంటే ఏమిటో ఆయనకి తెలియదు. ఆ మాట నా దగ్గర ఇంకా నేర్చుకోలేదు. ఏదో జోకు వేశాననుకుని గట్టిగా నవ్వారు. "వెరీ గుడ్, వెరీ గుడ్" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

బల్ల దగ్గర ఇంకెవరూ నవ్వలేదు. ఆవిడ చెంచా కింద పెట్టేసింది. ఇంగ్లీషాయన మెడ దగ్గర్నుంచి ఎర్రబడ్డాడు. మా ఆయన వైపు చూశాడు. ఆ చూపు నేను చదవగలిగాను. ఏడాదిన్నరగా తన మాట అర్థం చేసుకుంటున్నాడనుకున్న మనిషికి ఒక్క ముక్కా రాదని అప్పుడు తెలిసింది ఆయనకి. "రైట్" అన్నాడు. పాయసం తిన్నారు. చాలా బాగుందన్నారు. గుమ్మంలో ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కాసేపు వదల్లేదు. సోమవారం వచ్చి నన్ను కలవమ్మా అన్నాడు ఆయన, మా ఆయన వినేట్టు.

కారు వెళ్ళిపోయాక పిల్లలు బేస్‌మెంట్‌లో టీవీ ముందు కూర్చున్నారు. నేను గిన్నెలు సింకులో వేస్తున్నాను.

"ఏమన్నావు వాళ్ళతో? మొహాలు మాడ్చుకుని పోయారు" అన్నారు మా ఆయన. "ఆ లాంగ్వేజ్ వద్దని చెప్పానా లేదా?"

నేను అన్నది తెలుగులో చెప్పాను. వాళ్ళు అన్నది కూడా చెప్పాను. ఆయన కాదని మాత్రం అనలేదు.

"నీకోసమే చేశాను" అన్నారు. "రెసిడెన్సీ అంటే తెలుసా నీకు, మూడు రోజులకోసారి నైట్ కాల్. ఇద్దరం డ్యూటీలకి పోతే పిల్లల్ని ఎవరు చూస్తారు? ఇదంతా మొహం మీద చెబితే బాధపడతావని, ఆయన చూస్తానన్నాడని చెప్పాను. మెల్లగా నీకే ఇంట్రెస్ట్ పోతుందనుకున్నాను."

"పోతుందనుకున్నావా నువ్వు" అన్నాను.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన్ని మీరు అనే పిలిచాను. ఆ వేళ నువ్వు అన్నాను. ఆయనకి తగిలింది. ఏడాది అబద్ధం బయటపడినప్పుడు తగలనిది ఆ ఒక్క మాటకి తగిలింది. "నోరు అదుపులో పెట్టుకో" అన్నారు. పెట్టుకోలేదు. ఆ తర్వాత ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు ఎప్పుడూ మీరు అనలేదు.

సోమవారం వెళ్ళాను. ఇంగ్లీషాయన తలుపు వేసి, నా కోసం టీ తెప్పించాడు. నేను క్యాజువాలిటీలో చేసిన పనంతా అడిగి తెలుసుకున్నాడు. ఆ సిస్టరు నాకూ తెలుసే అన్నాడు ఒక చోట. గంట సేపు మాట్లాడుకున్నాం. నిన్నటి వరకూ ఆ గంట కోసమే నేను బతికినట్టు ఉంది. చివర్లో చెప్పాడు. జులై బ్యాచ్ సీట్లన్నీ మార్చిలోనే ఇచ్చేశారట. సంతకాలైపోయాయట. నువ్వే ఒక్కసారి వచ్చి అడిగి ఉంటే అన్నాడు.

"మీరే నన్ను ఒక్కసారి అడిగి ఉండొచ్చు కదా" అన్నాను.

"భార్య గురించి భర్త చెబితే నమ్మక ఏం చేస్తాను" అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. మంచివాడే. బాధపడ్డాడు కూడా. మా ఆయన అబద్ధం ఒక ఎత్తు, ఈ మంచితనం ఒక ఎత్తు. ఇన్నేళ్ళైనా రెంటిలో దేని మీద ఎక్కువ కోపమో నాకు తేలలేదు.

వచ్చే ఏడు తప్పకుండా అన్నాడు. వచ్చే ఏడు ఆయన లేడు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువై, వాళ్ళిద్దరూ తమ ఊరికి వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో వచ్చిన అమెరికన్ నా కాగితాలు తిరగేసి, రోగిని ముట్టుకుని ఎన్నేళ్ళయిందని అడిగాడు. చెప్పాను. ఐ సీ అన్నాడు. ఆ మాటకి అర్థం చెప్పడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. మరి రెండు చోట్ల ప్రయత్నించాను. అక్కడా అదే ప్రశ్న. ఏళ్ళు గడిచినకొద్దీ ఆ ప్రశ్నకి నా జవాబు ఇంకా చెడ్డదైంది.

ఒక్క పని మాత్రం చేశాను. ఆ సోమవారం నుంచి, ఇంగ్లీషాయన వెళ్ళిపోయే దాకా, మా ఆయన ఇంటికి మోసుకొచ్చిన మాటలకి అర్థం చెప్పలేదు. రెండు మూడు సార్లు అడిగారు, మామూలుగా, ఏమీ జరగనట్టు. తెలియదన్నాను. లంచ్ దగ్గర పిలుపులు తగ్గాయి. అది నాకేమీ ఒరగబెట్టలేదు. అయినా చేశాను.

ఎనభైల చివరికి వచ్చేసరికి మా చుట్టూ తెలుగు ఇళ్ళు బాగా పెరిగాయి. శనివారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో అందరం చేరేవాళ్ళం. మగవాళ్ళు సోఫాల్లో, ఆడవాళ్ళు వంటింట్లో, పిల్లలు బేస్‌మెంట్‌లో. మా ఆయనకి ఆ ఆదివారం కథ చెప్పడం అలవాటైంది. ఎలా అయిందో నాకు తెలియదు. ఒకసారి చెప్పారు, నవ్వారు, అంతటితో అది ఆయన కథ అయిపోయింది.

"మా ఆవిడ ఉందే, లండన్ దొరగారిని మా ఇంట్లో కూర్చోబెట్టి, వాళ్ళ స్లాంగ్‌లోనే వాయించేసింది. ఆయన మొహం చూడాలి మీరు, టొమాటోలా అయిపోయింది" అనేవారు. లండన్ కాదు. దొర కాదు. ఎందుకు వాయించిందో మాత్రం ఎప్పుడూ చెప్పేవారు కాదు. ఎవరూ అడిగేవారు కాదు.

ఒక శనివారం మా ఇంట్లోనే అందరూ ఉన్నారు. ఆ కథ మళ్ళీ వచ్చింది. నవ్వులయ్యాక, ఒక స్నేహితురాలి కూతురు, హైస్కూల్ పిల్ల, ప్లేటు పట్టుకుని నా పక్కకొచ్చింది.

"ఆంటీ, వాట్ డిడ్ యూ సే? అది మీనింగ్ ఏంటి?"

అందరూ నా వైపు తిరిగారు. ఇన్నేళ్ళలో నన్ను అడిగినది ఆ పిల్ల ఒక్కతే. నేను తెలుగులో, తడబడకుండా, అందరికీ వినబడేలా చెప్పాను.

"నేను డాక్టర్ పని మానెయ్యలేదు, మా ఆయన మీకు అబద్ధం చెప్పాడు, అన్నానమ్మా."

అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన అందరికన్నా గట్టిగా నవ్వారు. "చూశారా మా ఆవిడ హ్యూమర్" అన్నారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. ఆ ఇంగ్లీషు దంపతులకి ఒక్క మాటలో అర్థమైనది, నా భాషలో, నా ఇంట్లో, నేను వండింది తింటున్న వాళ్ళలో ఒక్కరికీ అర్థం కాలేదు.

ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. కనుబొమలు ముడేసి నా మొహంలోకి చూసింది.

"బట్ ఆంటీ, యూ ఆర్ ఎ డాక్టర్?"

నేను నోరు తెరిచేలోపు వాళ్ళమ్మ అందుకుంది, కూతురికి తెలుగు సరిగ్గా రాదని కాస్త సిగ్గుపడుతూ.

"కాదమ్మా, డాక్టర్ అంకుల్. ఆంటీ ఇంట్లోనే ఉంటారు."